ప్రాథమిక వైద్యమును, యువ పరిశోధకుల శిక్షణమును
(హఫీజ్‌పేటలో జరిగిన వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



నేను వైద్యుడను గాను. ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు సంస్కృతమును తెలుగును చెప్పి విశ్రాంతి గొన్నవాడను. ఇట్టివాడు వైద్యపరిశోధనమును గూర్చి మాటలాడుట యేమని కొందఱికి తోచవచ్చును. అయినను ఈ విషయము ముఖ్యముగా శిక్షణమును గూర్చినది. శిష్యుడు ఎట్లు పక్వమునకు వచ్చునో ఉపాధ్యాయునకు కొంత తెలియును. మఱియు, దవాఖానా గుమ్మమువద్ద వరుసలో నిలుచుండు వృద్ధులలో నేనొకడను గావున, రోగిపక్షమునుండి రెండు మాటలు చెప్పుటకు నాకు కొంత యధికారమును గలదు.

మన సంఘము ప్రతి సంవత్సరము విద్యానిధినుండి మన బిడ్డలకు వేతనము లిచ్చుచున్నది. వైద్యవిద్యకును, ఇంజనీరింగునకును, విదేశములలోని చదువులకును సాయము చేయుచున్నాము. ఇది మెచ్చదగిన పని. మిగిలిన ధనముతో మన భవనమునకు మఱియొక అంతస్తు వేయవలెనని కొందఱు పెద్దల కోరిక. నేను మఱియొక ప్రార్థన చేయుటకు లేచితిని. చదువు ముగించి, పరిశోధనలో తొలిమెట్టుమీద నిలిచియున్న మన యువకులను యువతులను ఈ బస్తీలలోని ప్రభుత్వ ప్రాథమిక వైద్యశాలలతో జోడించి, ఆ వైద్యశాలలను బాగుచేయు విద్యలో వారిని తీర్చిదిద్దుటకు ఆ ధనములో నొక భాగమును వినియోగింపుడు. అంతస్తు కొన్నాళ్లాగినను చెడిపోదు. ఈ పని యాగినచో చెడిపోవునవి మనుష్యుల ప్రాణములు.

ముందుగా రెండు మాటల యర్థమును విచారింతము. ప్రాథమికమను మాటను మనవారు చిన్నదను నర్థమున వాడుచున్నారు. ప్రాథమిక పాఠశాల యన్న చిన్నబడి. ప్రాథమిక వైద్యశాల యన్న చిన్న దవాఖానా. జలుబు, దగ్గు, పిల్లల టీకాలు, ఇంతవఱకే దాని పని యని తలంచి, కొంచెము పెద్దరోగము తోచగానే పెద్ద ఆసుపత్రికి పరుగెత్తుదుము. కాని ప్రథమశబ్దమునకు మొదటిదనియే గాక ముఖ్యమైనదనియు నర్థము గలదు. ఇంటికి పునాది ప్రాథమికము. దానిని చిన్నదని యెవ్వరు నందురు? మన యిండ్లలో బి.పి., షుగరు అని పిలుచుకొను రక్తపుపోటును, మధుమేహమును చూడుడు. ఇవి ఒకనాటి వైద్యముతో పోవునవి కావు. ఏండ్లతరబడి ఒకే వైద్యుని కన్ను, ఒకే నర్సు పలకరింపు, నెలనెలకు తప్పక దొరకు మాత్రలు వీనికి కావలెను. ఆ పని ప్రాథమిక వైద్యశాల చేయనిచో, పెద్ద ఆసుపత్రికి మనము చేరునది పక్షవాతముతోనో, మూత్రపిండములు చెడిన పిదపనో.

ఇక పరిశోధన. శోధనమనగా శుద్ధిచేయుట. బంగారమును పుటమువేసి మాలిన్యమును పోగొట్టునట్లు, నిజమని మనము నమ్మియున్న దానిని పరీక్షించి, అందులోని భ్రమను పోగొట్టుటయే పరిశోధన. ఇది గాజుగొట్టములున్న ప్రయోగశాలలో మాత్రమే జరుగునది కాదు. ఒక బస్తీ దవాఖానాలో గతనెల మందు పుచ్చుకొన్న రక్తపుపోటు రోగులలో ఎంతమంది యీ నెల మరల వచ్చిరి? రానివా రేల రాలేదు? ఏమిచేసిన వత్తురు? ఈ మూడు ప్రశ్నలకు తగిన ప్రమాణముతో సమాధానము కనుగొన్నవాడును పరిశోధకుడే.

మనము కూడియున్న యీ హఫీజ్‌పేటను చూడుడు. ఒకప్పుడిది నగరమునకు వెలుపలి గ్రామము. 1998లో మాదాపూరున సైబర్ టవర్సు తెరచిన పిమ్మట ఈ ప్రాంతపు రూపమే మారిపోయినది. కొండాపూరు, మియాపూరు, హఫీజ్‌పేట లన్నియు నొక్కటిగా కలిసి మేడలు లేచినవి. ఆ మేడలలో నుండువారు కంప్యూటరు ఉద్యోగులు. వానిని కట్టిన కూలీలు, వానికి కాపలా కాయువారు, ఆ యిండ్లలో పనిచేయు స్త్రీలు, ఆటోలు నడుపువారు, ఇంటింటికి భోజనపు పొట్లములు చేర్చు యువకులు ఇఱుకుగదులలో నుందురు. కొందఱు పాలమూరునుండి, కొందఱు శ్రీకాకుళమునుండి, మఱికొందఱు ఒడిషా, బీహారులనుండి వచ్చినవారు. మేడలోని వానికిని గదిలోని వానికిని రక్తపుపోటు సమానమే. వైద్యము సమానముగా దొరకుటలేదు.

ఈ లోపమును తీర్చుటకే ప్రభుత్వము 2018 ఏప్రిల్ నెలలో హైదరాబాదు నగరమున బస్తీ దవాఖానాలను స్థాపింప నారంభించెను. 5,000 మొదలు 10,000 వఱకు గల జనమునకు ఒకటి చొప్పున, ఒక వైద్యుడు, ఒక నర్సు, ఒక సహాయకుడు ఉండునట్లును, మందులు పరీక్షలు ఉచితముగా నుండునట్లును ఏర్పాటు. గుమ్మము తెరచుట గొప్పపని. కాని తెరచిన గుమ్మములోనికి ఎవరు వచ్చుచున్నారు, ఎవరు రాలేక పోవుచున్నారు, వచ్చినవారికి మేలు కలుగుచున్నదా యని చూచువా రెవరు? వైద్యునకు ఎదుట వరుస కనబడును. వరుసలో లేనివాడు కనబడడు. ఉదయముననే కూలి అడ్డాకు పోయి చీకటిపడి తిరిగివచ్చువాడు పగటివేళ తెరచియుండు దవాఖానాకు ఎట్లు రాగలడు? ఆ కనబడనివానిని వెదకుటకు ప్రత్యేకముగా శిక్షణ పొందిన కన్ను కావలెను.

బ్రిటనుదేశములోని వేల్సు ప్రాంతమున గ్లిన్‌కారుగ్ అను బొగ్గుగనుల గ్రామము కలదు. అందు జూలియన్ ట్యూడర్ హార్ట్ అను వైద్యుడు 1961 మొదలు దీర్ఘకాలము పనిచేసెను. ఆయన 1971లో లాన్సెట్ పత్రికయందు ఒక సూత్రమును ప్రకటించెను. వైద్యము ఎక్కువగా అవసరమైన చోట తక్కువగను, తక్కువగా అవసరమైన చోట ఎక్కువగను దొరకుననియు, అంగడి నియమములకు వదలినకొలది ఈ వ్యత్యాసము పెరుగుననియు దాని సారము. హఫీజ్‌పేటకు దగ్గరలో ఎన్ని పెద్ద ఆసుపత్రులున్నవో, వాని నీడలో ఎన్ని గుడిసెలున్నవో చూచినవారికి ఈ సూత్రమునకు వ్యాఖ్యానము అక్కరలేదు. ఆయన సూత్రము చెప్పి యూరకుండలేదు. తన గ్రామములోని పెద్దవారందఱి రక్తపుపోటును, పిలువకున్నను పోయి కొలిచెను, లెక్క వ్రాసెను, ఏటేట తన పనిని తానే పరీక్షించుకొనెను. 25 సంవత్సరముల పనిని 1991లో ప్రకటింపగా, అరువదియైదేండ్ల లోపు మరణములు ప్రక్కగ్రామములో కంటె తన గ్రామములో తక్కువగా నున్నట్లు తేలెను. రోగిని చూచు వైద్యుడును, లెక్క చూచు పరిశోధకుడును ఒక్కచోట నుండిన కలుగు ఫలమిది.

దూరదేశమేల? ఈ హఫీజ్‌పేట స్టేషనులో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి సికింద్రాబాదు వైపు పోవునప్పుడు బేగంపేట తగులును. అక్కడనే 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను సైన్యవైద్యుడు దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. ఇది మన బడిపుస్తకములలో నున్నదే. అందులో లేని రెండు సంగతులు నేటి విషయమునకు ముఖ్యమైనవి. మొదటిది, రాసుకు గురువు గలడు. లండనులో పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు 1894లో ఆ పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూపి, దోమకును దానికిని సంబంధ ముండవచ్చునను ఊహను చెప్పెను. ఆ తరువాత సంవత్సరములతరబడి గురుశిష్యులు ఉత్తరములు వ్రాసికొనిరి. శిష్యుడు విసిగినప్పుడు గురువు ధైర్యము చెప్పెను. శిష్యుడు చూచినదానిని గురువు లోకమునకు వినిపించెను. రెండవది, తన రక్తమును దోమలకు ఒప్పగించిన హుసేన్ ఖాను అను రోగి. అతడు లేనిచో ఆ దినము లేదు. రాసు పేరు సంస్థలకు పెట్టితిమి. హుసేన్ ఖాను పేరు నూటికొకరికి తెలియునో లేదో! గురువు, శిష్యుడు, రోగి, ఈ ముగ్గురును కలసినగాని వైద్యపరిశోధన లేదని దీని భావము.

విద్యకు అధ్యయనము, అవగాహనము, ఆచరణము, ప్రచారణము అని నాలుగు దశలను మన పెద్దలు చెప్పిరి. మన కళాశాలలు మొదటి రెండింటితో ఆగిపోవుచున్నవి. వైద్యవిద్యార్థి గ్రంథమును చదువును, పరీక్షలో వ్రాయును. పరిశోధన చేయువాడును సిద్ధాంతవ్యాసము వ్రాసి పట్టము పుచ్చుకొనును. ఆ వ్యాసము గ్రంథాలయములో దుమ్ము పట్టును. ఆచరణ ఎవరిది? ప్రచారణ ఎవరిది? సుశ్రుతాచార్యులు శాస్త్రము మాత్రమే తెలిసినవానిని, కర్మ మాత్రమే తెలిసినవానిని ఒంటిరెక్క పక్షులతో పోల్చిరి. శిష్యుడు రోగిమీద కత్తి పెట్టుటకు ముందు గుమ్మడి, సొర, దోస మొదలైన కాయలమీద అభ్యసింపవలెనని గూడ వారే విధించిరి. శస్త్రమునకు అభ్యాసము కావలసినప్పుడు, ఒక వైద్యవ్యవస్థను మార్చుటకు అభ్యాసము అక్కరలేదా? నేడు మన సంస్థలలో ఒక రెక్కయు, దవాఖానాలలో మఱియొక రెక్కయు నున్నవి. రెండింటిని ఒకే పక్షికి తొడుగుటయే నేను కోరు శిక్షణము.

ఇట్టి కలయిక తెలుగుదేశమునకు క్రొత్త కాదు. గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, సుమారు 1,80,000 జనము నడుమ, ఒక సంవత్సరములో మరణించినవారు ఏ కారణమున మరణించిరో కనుగొన బూనిరి. ఆ పల్లెలలో పనిచేయు ఆరోగ్యకార్యకర్తలకే శిక్షణ యిచ్చి, చనిపోయినవారి యిండ్లకు పంపి, బంధువులను మెల్లగా అడిగించి, 1,354 మరణముల వివరములను సేకరించిరి. పల్లెటూళ్లలో జనులు అంటురోగములతోనే చనిపోవుదురని అప్పటి నమ్మకము. 2006లో ఫలితము ప్రకటింపగా, గుండెపోటు, పక్షవాతము మొదలగు రక్తప్రసరణ సంబంధమైన రోగములవలన నూటికి 32 మంది, ప్రమాదములు ఆత్మహత్యలు మొదలగు వానివలన 13 మంది, అంటురోగములవలన 12 మంది మాత్రమే పోయినట్లు తేలెను. పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రము దేనికి సిద్ధపడి యుండవలెనో ఆ లెక్క చెప్పినది. గమనింపుడు: ఈ భ్రమను పోగొట్టినది గొప్ప యంత్రము కాదు, ఇల్లిల్లు తిరిగిన కార్యకర్తలు, వారికి ప్రశ్న యడుగుట నేర్పిన పరిశోధకులు.

అదియంతయు జయగాథయే యని చెప్పి మిమ్ము మభ్యపెట్టను. ఆ తరువాత పశ్చిమగోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలోని 54 గ్రామములలో మఱియొక ప్రయత్నము జరిగెను. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ అను పలకవంటి యంత్రము నిచ్చిరి. వారు ఇంటింటికి పోయి రక్తపుపోటు కొలిచి, గుండెజబ్బు భయమున్నవారిని గుర్తించి, వైద్యుని యొద్దకు పంపిరి. 2019లో ఫలితము వెలువడెను. వేలకొలది జనులకు పరీక్ష జరిగినది; కాని రక్తపుపోటు అదుపులోనికి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. పరిశోధకులు దీనిని దాచలేదు, ఉన్నదున్నట్లు ప్రకటించిరి. ఇది యపజయమా? నా యభిప్రాయమున ఇది గొప్ప పాఠము. రోగిని గుర్తించుట ఒక్కటే చాలదు. పంపినచోట వైద్యుడుండవలెను, మందుండవలెను, రోగి మరల మరల రావలెను. గొలుసులో ఒక లంకె గట్టిపడినంతమాత్రమున గొలుసు గట్టిపడదు. యంత్రమిచ్చిన పని యైపోయినదని తలంచువారు ఈ హైటెక్ సిటీ ప్రక్కనే యున్నాము గావున, ఈ పాఠము మనకు మఱింత యవసరము.

గొలుసంతటిని చూచినవారు ఏమిచేసిరో చెప్పెదను. 2017 నవంబరులో భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములు కలసి రక్తపుపోటును అదుపుచేయు ఒక కార్యక్రమమును ఐదు రాష్ట్రములలోని 25 జిల్లాలలో ఆరంభించిరి. ఆ ఐదింటిలో తెలంగాణము ఒకటి. వారి పద్ధతి మిక్కిలి సులభము. వైద్యులందఱు అనుసరించు ఒకే మందుల క్రమము. మందులు తఱిగిపోకుండ నిలువ. వైద్యునితో పాటు నర్సులకు కార్యకర్తలకు పనిని పంచుట. రోగికి దగ్గరలోనే మాత్రలు దొరకునట్లు చేయుట. ఎవరు వచ్చిరో ఎవరు రాలేదో తెలుపు లెక్క. ఇందు క్రొత్త మందు లేదు. పనిచేయు క్రమమే క్రొత్తది. ఈ క్రమమును కనిపెట్టుట, పరీక్షించుట, ఒక్కొక్క బస్తీకి తగినట్లు సవరించుట, ఇదియే నేను చెప్పు పరిశోధన.

నేత్రవైద్యములో మనకు మఱింత దగ్గరి దృష్టాంతము గలదు. 1987లో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య విజ్ఞాన సంస్థను నెలకొల్పిరి. 1996 మొదలు 2000 వఱకు ఆ సంస్థ పరిశోధకులు హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరము ప్రాంతములలో 10,293 మంది కన్నులను పరీక్షించిరి. చూపు పోవుటకు ముఖ్యకారణము శుక్లమనియు, తగిన కండ్లద్దములు లేకయే చూపు మందగించినవారును పెక్కుమంది గలరనియు తెలిసినది. కండ్లద్దముల కొఱకు పల్లెవాడు పట్నపు ఆసుపత్రికి రావలెనా? అందుచేత సుమారు 50,000 జనమునకు ఒక దృష్టి కేంద్రమును పెట్టి, ఆ ప్రాంతపు యువతీయువకులకే ఒక సంవత్సరము శిక్షణ యిచ్చి అందు నియమించిరి. వారు తీర్పలేనిది పై ఆసుపత్రికి, అక్కడ తీరనిది ఇంకను పైదానికి పోవును. ఇది గోపురమువలె క్రింద వెడల్పు, పైన సన్నము గల నిర్మాణము. మొదట లెక్క, పిదప లెక్కకు తగిన శిక్షణ, పిదప ఆ శిక్షణకు తగిన వైద్యశాల. ఈ వరుసను మన విద్యార్థులు కంఠపాఠము చేయవలెను.

ఇక శిక్షణకు తగిన తావులు మన నగరముననే యున్నవి. 1946లో ప్రకటింపబడిన భోర్ సంఘము నివేదికయే ప్రతి 40,000 జనమునకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును కోరుచు, వైద్యవిద్యార్థికి సమాజారోగ్యమున మూడు నెలల శిక్షణ యుండవలెనని చెప్పినది. 1958లో కూనూరునుండి మన నగరమునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల నేడు జాతీయ పోషకాహార సంస్థగా విఖ్యాతి గాంచినది. 2008లో భారత ప్రజారోగ్య సంస్థ హైదరాబాదులో స్థాపింపబడెను. అదే సంవత్సరమున కేంద్రప్రభుత్వపు జీవసాంకేతిక శాఖయు, బ్రిటనులోని వెల్‌కమ్ ట్రస్టును కలసి ఇండియా అలయన్స్ అను సంస్థను ఏర్పఱచెను. హైదరాబాదు కేంద్రముగా గల ఆ సంస్థ తొలిమెట్టునందున్న పరిశోధకులకు సయితము వేతనములిచ్చుచు వచ్చినది. అమెరికాలో 2018లో రెండు పరిశోధన సంస్థలు కలసి, 11 కేంద్రములకు ధనమిచ్చి, వైద్యవ్యవస్థ లోపలనే యుండి దానిని బాగుచేయు యువ పరిశోధకులను తయారుచేయు ప్రణాళికను ఆరంభించెను. తాను చేయు పనినుండి తానే నేర్చుకొను వైద్యవ్యవస్థ వారి యాదర్శము. కాబట్టి గురువులు గలరు, మార్గము గలదు. మన బిడ్డకును మన బస్తీ దవాఖానాకును నడుమ వంతెన మాత్రము లేదు.

ఆ వంతెన ఎట్లుండవలెనో ఉపాధ్యాయునిగా నాకు తోచినది విన్నవింతును.

మొదటిది, శిష్యునకు ఇద్దఱు గురువు లుండవలెను. ఒకరు పరిశోధన సంస్థలోని ఆచార్యులు. మఱియొకరు దవాఖానాలో పనిచేయు వైద్యాధికారియో, అనుభవము గల ఏ.ఎన్.ఎం. అక్కయో. ఆచార్యులు లెక్క నేర్పుదురు. అక్క బస్తీని నేర్పును. ఏ యింటి తలుపు ఎప్పుడు తట్టవలెనో, ఏ ప్రశ్నను అత్తగారి యెదుట అడుగరాదో ఆమెకు తెలిసినట్లు గ్రంథములకు తెలియదు.

రెండవది, ప్రశ్న దవాఖానానుండి పుట్టవలెను. తొలి యారునెలలు శిష్యుడు ప్రశ్నపత్రము పట్టుకొనరాదు. చీటీలు వ్రాయుచోట, మందులిచ్చుచోట, టీకాలు వేయుచోట కూర్చుండి చూడవలెను. ముందే ప్రశ్నతో వచ్చినవాడు తనకు కావలసిన సమాధానమును మాత్రమే వినును.

మూడవది, కాలము. ఒక సంవత్సరములో వచ్చి పోవువాడు యాత్రికుడు. మూడేండ్లు నిలుచుటకు వేతనమిచ్చినగాని ప్రశ్న, ప్రయత్నము, ఫలము మూడును ఒకనిచేతిమీదుగా జరుగవు.

నాలుగవది, రోగి మర్యాద. రోగి సమ్మతి లేక వివరము లడుగరాదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నైతిక నియమములు శిష్యునకు మొదటి పాఠముగా నుండవలెను. ధనమిచ్చితిమి గదా యని మన సంఘము కూడ ఏ రోగి పేరును అడుగరాదు. మన బంధువైనను సరే, పొరుగువాడైనను సరే.

ఐదవది, ఫలమును మొదట చెప్పవలసినది పత్రికలకు గాదు. దవాఖానాలో పనిచేసినవారికి, బస్తీలోని స్త్రీలకు. తెలుగులోను, ఉర్దూలోను, కూలీలకు తెలిసిన హిందీలోను చెప్పవలెను. అనుకొన్న మేలు కలుగకపోయినచో అదియు చెప్పవలెను. గోదావరి పరిశోధకులు చూపిన ధైర్యమిదియే.

దీనికి ఆక్షేపణలు గలవని నే నెఱుగుదును. మన కులమువారి ధనమును బస్తీలోని అందఱి కొఱకు వెచ్చింప నేల యని కొందఱందురు. అయ్యా, రక్తపుపోటు గోత్రము నడుగదు. కట్టుచున్న మేడలో నిలిచిన నీటిలో పుట్టిన డెంగీ దోమ ప్రహరీగోడను చూచి వెనుకకు పోదు. మఱియు శిక్షణ పొందునది మన బిడ్డయే. మన పేరు నాలుగు బస్తీలలో ఆశీర్వాదముతో కూడ వినబడుట అంతస్తుకంటె తక్కువ కీర్తియా?

ఇది ప్రభుత్వము పని, మనకేల యని మఱికొందఱందురు. దవాఖానా నడపుట ప్రభుత్వము పనియే. మనము దానిని నడపబోవుట లేదు. నడుచుచున్నదానికి ఒక చదువుకొన్న చేయి నిచ్చుచున్నాము. పూర్వము మన పెద్దలు ధర్మవసతిగృహములు కట్టి విద్యార్థులను చేర్చుకొన్నప్పుడు, బడి పెట్టుట ప్రభుత్వము పని యని చేతులు కట్టుకొని కూర్చుండలేదు గదా!

మూడవ యాక్షేపణ అందఱి మనస్సులో నున్నది, నోట రాదు. పిల్లవాడు పరిశోధన చేయుచున్నాడని చెప్పిన, సంబంధము చూడవచ్చినవారు, “అది సరేనండి, ఉద్యోగ మేమిటి?” అని యడుగుదురు. ఆడపిల్ల యైనచో, “బస్తీలలో తిరుగునా?” యని ముఖము చిట్లింతురు. ఈ మాట అనువారము మనమే, మానవలసినవారమును మనమే. వేయి రోగులకు ఆపరేషను చేయు వైద్యుని గౌరవింతము. వేయిమందికి ఆపరేషను అవసరమే లేకుండ చేసినవానిని గౌరవించుట కూడ నేర్చుకొందము. మొదటివాని రోగులు వచ్చి దండము పెట్టుదురు. రెండవవాని రోగులు తాము రోగులు కాలేదన్న సంగతియే యెఱుగరు. అందుచేత వానికి గౌరవము మనము తెలిసి యీయవలెను.

కావున ఈ మహాసభ యెదుట నాలుగు ప్రార్థనల నుంచుచున్నాను. విద్యానిధినుండి ప్రతి సంవత్సరము ఇద్దఱు యువ పరిశోధకులకు మూడేండ్ల వేతనమును ఏర్పఱుపుడు. వారిలో ఒకరైనను స్త్రీ కావలెను. వారిని ఎన్నుకొనునప్పుడు మార్కులను మాత్రమే గాక, దవాఖానాలో కూర్చుండగల యోర్పును చూడుడు. రక్తపుపోటు, మధుమేహ పరీక్షల కొఱకు ఆదివారములందు మన భవనమును ఆరోగ్యశాఖవారికి ఉచితముగా నిండు; ఉదయమున అడ్డాకు పోవు కూలీకి ఆదివారమే తెఱపి. ప్రతి సంవత్సరమును ఈ సంచికలో, ఆ యిద్దఱును ఏమి యడిగిరో, ఏమి తెలిసికొనిరో, దవాఖానాలో ఏమి మారినదో, మారనిచో ఏల మారలేదో నాలుగు పుటలు అచ్చువేయుడు. దాతల జాబితా ప్రక్కన ఆ పుటలుండిన, దాతలకు తమ ధనము ఎక్కడికి పోయినదో తెలియును.

ఈ వేదికమీద కూర్చున్న పెద్దలకంటె, వెనుక వరుసలలో నిలుచున్న విద్యార్థులతో నా చివరిమాట. నాయనలారా, అమ్మలారా, మీరు చదివిన చదువులో రెండు మెట్లు ఎక్కితిరి. మూడవ మెట్టును నాలుగవ మెట్టును మీ పుస్తకములలో లేవు. ఇక్కడికి కూతవేటు దూరములో, చీటీ పట్టుకొని కూర్చున్న ఒక ముసలమ్మ యొద్ద నున్నవి. ఆమె క్రిందటి నెల ఏల రాలేదో కనుగొనుడు. కనుగొని, వచ్చు నెల ఆమె వచ్చునట్లు చేయుడు. ఆ పని నేర్చినవారే వైద్యమునకు కావలసిన పరిశోధకులు.



సర్వే జనాః సుఖినో భవంతు. స్వస్తి.